ఉద్యోగం సరే, తిరుగుదారి ఏది?

2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. తప్పనిసరిగా ఉండాల్సిన పనిలేనివారు, ముఖ్యంగా విద్యార్థులు, కొన్నాళ్లపాటు ఉక్రెయిన్ విడిచి వెళ్లే ఆలోచన చేయవచ్చన్నది దాని సారాంశం. చాలామంది కదల్లేదు. ఆన్‌లైన్ క్లాసులు పెడతామని కాలేజీలు చెప్పలేదు, హాజరు పోతుందన్న భయం ఒకటి, విమాన టికెట్ల ధరలు చూస్తే గుండె గుభేలు. తొమ్మిది రోజులకు యుద్ధం మొదలై గగనతలం మూతపడింది. మనవాళ్ల కోసం బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం సగం దారిలోనే వెనక్కి తిరిగింది. మార్చి 2న ఖార్కివ్‌లో ఉన్నవారికి వచ్చిన సూచన మరీ కఠినం: బండి దొరక్కపోతే నడిచైనా సరే, సాయంత్రం ఆరింటికల్లా ఊరి బయట పదకొండు నుంచి పదహారు కిలోమీటర్ల దూరంలోని మూడు చోట్లలో ఒకదానికి చేరుకోవాలి.

భారత ప్రభుత్వ తరలింపు కార్యక్రమం ఆపరేషన్ గంగ ముగిసేసరికి 22 వేల మందికి పైగా ఇల్లు చేరారు. తెలుగు విద్యార్థులు వందల సంఖ్యలో వారిలో ఉన్నారు. అయితే విమానాలు ఎక్కింది రుమేనియా, హంగరీ, పోలండ్, స్లొవేకియాల నుంచి. అక్కడిదాకా చేరడం చాలావరకు ఎవరి తిప్పలు వారివే. రాయబార కార్యాలయాలు మెత్తగా మాట్లాడతాయి. ‘ఆలోచించండి’ అని రాస్తే ‘పెట్టె సర్దండి’ అని చదువుకోవడమే మేలు.

ప్రాణంతో బయటపడ్డాక చదువు సంగతి తేలాలి. విదేశీ వైద్యవిద్య కోర్సు మొత్తం ఒకే సంస్థలో పూర్తి కావాలని జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనలు చెబుతున్నాయి. అందువల్ల ఉక్రెయిన్ నుంచి వచ్చినవారు వేరే దేశంలో చేరే వీలు లేక నెలల తరబడి ఎదురుచూశారు. ఆ ఏడాది సెప్టెంబరులో గానీ కమిషన్ సడలింపు ఇవ్వలేదు. కన్సల్టెన్సీ గదిలో ఫీజు, హాస్టలు, ఇండియన్ మెస్ గురించి అడిగే తల్లిదండ్రులు, మధ్యలో చదువు ఆగితే ఏంటి దారి అని కూడా అడగాలి.

ఉద్యోగాల విషయంలో దేశం పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఇజ్రాయెల్‌నే తీసుకోండి. వృద్ధుల సంరక్షణ పనుల్లో తెలుగువారు అక్కడ ఎన్నో ఏళ్లుగా ఉన్నారు. 2023 అక్టోబరు తర్వాత భవన నిర్మాణ పనులకు ప్రభుత్వ ఒప్పందం మీద భారతీయులను తీసుకోవడం మొదలైంది. 2024 మార్చి 4న లెబనాన్ వైపు నుంచి వచ్చిన క్షిపణి సరిహద్దు గ్రామం మర్గలియోత్‌లోని తోటలో పడి ఒక భారతీయ కార్మికుడు చనిపోయాడు. సరిహద్దుల్లో ఉన్నవారు లోపలి ప్రాంతాలకు మారాలని రాయబార కార్యాలయం ఆ వెంటనే సూచించింది. గాజా పక్కనున్న స్దెరోత్‌లో సైరన్ మోగాక షెల్టర్‌లోకి దూరడానికి ఉండేది పదిహేను సెకన్లే. లోపలికి వెళ్లేకొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. కాబట్టి ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం కాదు: పని ఏ ఊళ్లో? సరిహద్దుకు ఎంత దూరం? పడుకునే చోట షెల్టర్ ఉందా?

ఇక ఇరాక్. 2014లో మోసుల్ ఐసిస్ చేతికి చిక్కినప్పుడు 39 మంది భారతీయ కార్మికులు అపహరణకు గురయ్యారు. వారు చనిపోయారని అధికారికంగా తేలింది 2018లో. 2014లోనే అక్కడికి వెళ్లడంపై ఆంక్షలు వచ్చాయి. అయినా నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి దుబాయ్ మీదుగా విజిట్ వీసాతో ఇరాక్‌లోని ఎర్బిల్ వెళ్లినవారు ఎందరో. యుద్ధం వారి దాకా రాకపోయినా, పని పర్మిట్ లేక, గడువు దాటి ఉన్నందుకు పడిన జరిమానా కట్టలేక ఇరుక్కుపోయారు.

పదో తరగతి పాసవ్వనివారికి సాధారణంగా ఇసిఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు వస్తుంది. దానితో ఇరాక్, లిబియా, యెమెన్, సూడాన్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా అనుమతి తప్పనిసరి. ఇది వేధింపని తిట్టుకునేవారు ఉంటారు. కానీ ఆ అనుమతితోనే పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. యజమాని పేరు, ఒప్పందం ప్రభుత్వ రికార్డుకెక్కుతాయి. విజిట్ వీసా మీద పోయినవాడి లెక్క ఎక్కడా ఉండదు. ఏజెంటు లైసెన్సు నంబరు కూడా ఆ పోర్టల్‌లోనే సరిచూసుకోవచ్చు. సర్వీసు చార్జీగా 30 వేలు, దానిపై జీఎస్టీకి మించి అడిగే హక్కు ఏజెంటుకు లేదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ సంస్థలు, ముందు అక్కడ వాకబు చేయడం తెలివైన పని.

చదవలేని భాషలో సంతకం మాత్రం వద్దు. సహాయకుల ఉద్యోగాలని చెప్పి రష్యాకు తీసుకెళ్లిన యువకులను యుద్ధరంగానికి పంపిన ఉదంతంపై 2024 మార్చిలో సీబీఐ కేసు నమోదు చేసింది. అదే నెలలో హైదరాబాద్ యువకుడొకరు అక్కడ చనిపోయినట్లు మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది.

ప్రమాదం పనిచేసే చోటే పొంచి ఉంటుందనుకోవడం పొరపాటు. 2015 జులైలో లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులు ఇంటికి బయల్దేరి, దారిలోని ఒక చెక్‌పోస్టు దగ్గర పట్టుబడ్డారు. కర్ణాటకకు చెందిన ఇద్దరు త్వరగానే విడుదలయ్యారు. తెలుగువారైన మిగతా ఇద్దరూ బయటికొచ్చేసరికి ఏడాది దాటింది. విమానాశ్రయానికి ఏ రోడ్డున, ఏ వేళలో, ఎవరి వాహనంలో వెళ్లాలన్నది స్థానికులను, రాయబార కార్యాలయాన్ని అడిగే తేల్చుకోవాలి.

చేరిన వారంలోనే రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. గొడవలు మొదలైనప్పుడు బస్సుల జాబితా తయారయ్యేది ఇలాంటి నమోదుల నుంచే. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉండాలి. తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచుకోవాలి. బ్యాంకులు, ఏటీఎంలు మూతపడే రోజుకు కొన్ని డాలర్ నోట్లు. సైనిక వాహనాల వీడియోలు తీసి రీల్స్ పెట్టే సరదా చాలా దేశాల్లో జైలుకు దారి తీస్తుంది. ప్రైవేటు ప్రయాణ బీమా కొనేటప్పుడు యుద్ధానికి మినహాయింపు ఉందేమో పాలసీలో చూడాలి, చాలావాటిలో ఉంటుంది. యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా, జీతం ఆపినా ఇంటి నుంచి కుటుంబ సభ్యులే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ ఫిర్యాదుకు యజమాని పేరు, పనిచేసే ఊరు కావాలి కనుక ఆ రెండూ ఇంట్లోవాళ్లకు ముందే రాసిచ్చి వెళ్లాలి.