మెరక, వాలు, పల్లం: ఒకే పొలంలో మూడు నేలలు

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. పల్లాలకు అడ్డంగా కట్టలు వేసి, ఒకదాని దిగువన మరొకటిగా పూర్వులు నిర్మించిన చెరువులే ఈ ప్రాంతపు సేద్యానికి ఆధారం. అటువంటి ఒక చెరువు కట్టపై నిలిచి ఎగువకు చూస్తే, గుట్ట అంచున గరప నేల, దాని దిగువన రాగి, వేరుశనగ పండే ఎర్ర నేల, అడుగున వరిమళ్ళ బూడిదవన్నె బంకనేల వరుసగా కనిపిస్తాయి. వీటన్నిటికీ మూలం చాలావరకు ఒకే జాతి నల్లరాతి శిల. అయినా గుణాలు వేరు. ఎందువల్ల?

కారణం నీటి నడక. వాన పడినప్పుడు మెరకనుండి సన్నని బంకరేణువులు, కుళ్ళిన ఆకుల సారం, కరిగిన లవణాలు దిగువకు కొట్టుకొనిపోతాయి. బరువైన గులక, ఇసుక పైనే మిగులుతాయి. ఇలా వాలు వెంబడి వరుసగా మారే నేలల సముదాయానికి, తూర్పు ఆఫ్రికాలో పరిశోధన చేసిన జెఫ్రీ మిల్న్ 1935లో ‘కటీనా’ అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో ఆ మాటకు గొలుసు అని అర్థం.

మెరక నేల లోతు తక్కువ, నీరు నిలువదు. సేంద్రియ కర్బనం స్వల్పం గనుక నత్రజని కొరత సహజం. ఎర్రదనాన్నిచ్చే ఇనుప ఆక్సైడులు భాస్వరాన్ని గట్టిగా పట్టుకొంటాయి; వేసిన ఎరువులో కొంత భాగమే పైరుకు అందుతుంది.

పల్లపు నేలలో బంకమన్ను అధికం. అది పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం వంటి పోషకాలను నిలుపుకొంటుంది. అయితే సారవంతమైన నేలలో పైరు ఆకలితో ఉండదని భావించరాదు. నీరు నిలిచిన మడిలో గాలి ఆడక, నైట్రేటు రూపంలోని నత్రజని వాయువుగా మారి పోతుంది. మురుగు తీయని చోట లవణాలు చేరి చౌడు ఏర్పడుతుంది. క్షారగుణం పెరిగినచోట జింకు నేలలో ఉన్నప్పటికీ వేళ్ళకు అందదు. వరి ఆకులపై తుప్పురంగు మచ్చలు కనిపిస్తాయి. నేలలో పోషకం ఉండడం వేరు, పైరుకు లభించడం వేరు.

కనుక మెరక, పల్లం మట్టిని కలిపి ఒకే నమూనాగా పంపితే, వచ్చే ఫలితం ఏ మడికీ సరిపోదు. రైతు ఒకచోట అనవసరమైన ఎరువుకు డబ్బు వెచ్చించి, మరొకచోట కావలసినది వేయక నష్టపోతాడు. 2015లో ఆరంభమైన భూసార ఆరోగ్య పత్రం పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు. దాని ప్రయోజనం నమూనా సేకరణపైనే ఆధారపడి ఉంటుంది.

నమూనా తీసే విధానం: మెరకకు, వాలుకు, పల్లానికి వేర్వేరుగా మట్టి తీయాలి. ఒక్కొక్క భాగంలో 8 లేక 10 చోట్ల, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట త్రవ్వి, అంచునుండి పలుచని పొర తీయాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పల స్థలాలు వదలాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను తొలగిస్తూ అరకిలో మిగిల్చి, నీడన ఆరబెట్టి పంపాలి.

చేయవలసిన పనులు: మెరకలో వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, పశువుల ఎరువు చేర్చడం, భాస్వరాన్ని విత్తనపు సాలు దగ్గర వేయడం మేలు. నత్రజనిని దఫాలుగా ఇవ్వాలి. పల్లంలో ముందు మురుగు కాలువ తీయాలి. జిప్సం, జింకు సల్ఫేటు పరీక్షా ఫలితాన్ని అనుసరించి మాత్రమే వాడాలి.

వేసవిలో చెరువు ఒండ్రును మెరక చేలకు తోలే ఆచారం ఈ గొలుసును తిరిగి ముడివేస్తుంది. ఏటేటా వాన దించిన మన్నునే మనం బండ్లతో పైకి చేరుస్తున్నాము. అయితే 2018 నుండి బెంగళూరులో శుద్ధిచేసిన వాడుక నీరు కోలారు చెరువులు అనేకానికి చేరుతున్నది. అటువంటి చెరువుల ఒండ్రును తోలక ముందే పరీక్ష చేయించడం వివేకం.

అభ్యాసం: మీ పొలంలో వాన నీరు ఎటునుండి ఎటు పారుతుందో కాగితంపై గీయండి. నీరు వేగంగా జారే చోటును, నిలిచే చోటును గుర్తించండి. ఆ గుర్తులే మీ నమూనాల సంఖ్యను నిర్ణయిస్తాయి.