వెనుక ఇరుసు హౌసింగు: అతుకు వేయుటకు ముందు చేయవలసిన పనులు

2019 సెప్టెంబరులో తెలంగాణలో ప్రారంభమైన పల్లె ప్రగతితో గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద పండిన ధాన్యము మిల్లులకు చేరుటకును ట్రాక్టర్లే ఆధారము. సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి పోవుటచే లారీలకును కొదువ లేదు. ఇట్టి బండ్ల బరువును మోయునది వెనుక ఇరుసు. దాని హౌసింగు బీటవారినపుడు తొందరపడి వేసిన అతుకు మరల విరుగును. నడిరోడ్డుపై విరిగినచో ప్రాణములకే ముప్పు. కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది సంగతులు తెలిసికొనుట మంచిది.

మొదట లోహమేదో నిర్ణయింపవలెను. లారీల హౌసింగులు సాధారణముగా ఉక్కువి. ట్రాక్టర్లవి ఎక్కువగా పోత ఇనుమువి. సానచక్రమునకు తాకించినచో ఉక్కు నుండి పొడవైన పసుపువన్నె నిప్పురవ్వలును, పోత ఇనుము నుండి పొట్టివైన ఎర్రని రవ్వలును రాలును. పోత ఇనుమును మామూలు రాడ్డుతో అతికినచో ప్రక్కనే మరల పగులును. అట్టిచోట క్రొత్త భాగమును వేయుటయే క్షేమము.

ఉక్కు హౌసింగైనచో బండిని గట్టి స్టాండ్లపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. బ్యాటరీ తీగలు విప్పి, గేరు నూనెను పూర్తిగా దింపి, ఇరుసు కడ్డీలను, గేర్లను, బేరింగులను, సీళ్లను తీసివేయవలెను. నూనె ఆవిరి నిండి, మూసియున్న హౌసింగునకు మంట తగిలినచో ప్రేలుడు కలుగవచ్చును. కావున మూతలన్నియు తెరచియుంచవలెను.

పిమ్మట లోపల, వెలుపల జిడ్డు, రంగు, త్రుప్పు పోవునట్లు శుభ్రపరచవలెను. నూనె మిగిలినచో అతుకులో బుడగలేర్పడును. బ్రేకులు కడుగుటకు అమ్మెడి ద్రావకములు కొన్నిటిలో క్లోరిను సమ్మేళనములుండును. అవి వెల్డింగు వేడికి ఫాస్జీను అను విషవాయువును పుట్టించును గనుక వానిని వాడరాదు. సబ్బునీటితో కడిగి, బాగుగా ఆరనీయవలెను.

బీట రెండు కొనలను వెదకి, ఒక్కొక్క కొనవద్ద చిన్న రంధ్రము చేసినచో పగులు ముందుకు సాగదు. తరువాత బీట పొడవునను లోహమును ‘వి’ ఆకారముగా చెక్కవలెను. పైపైన పూసిన అతుకు బరువునకు నిలువదు. 7018 రకపు రాడ్లను వాడునపుడు వానిని పొయ్యిలో వేడిచేసి, తేమ లేకుండ చేయవలెను. తేమయే అతుకు పగులుటకు కారణము. ఎర్తు క్లాంపును అతుకు ప్రక్కనే తగిలింపవలెను. బేరింగుల గుండ విద్యుత్తు పోయినచో అవి చెడును.

వేడికి హౌసింగు వంగవచ్చును. అందుచే పనికి ముందును వెనుకను కొలతలు చూచుకొని, కొంచెము కొంచెముగా, ప్రక్కలు మార్చుచు అతుకవలెను. నీరు పోసి చల్లార్చరాదు. చల్లారిన తరువాత అతుకును పరీక్షించి, క్రొత్త సీళ్లు, క్రొత్త నూనె వేయవలెను.

అతుకుతో పని ముగియదు. బీటకు మూలకారణము తరచు అధిక భారమే. 5,000 లీటర్ల నీరే 5 టన్నులు తూగును. ట్యాంకరు బరువు దానికి అదనము. కంపెనీ నిర్ణయించిన పరిమితిని మించకుండ చూచుట, బిల్లు చెల్లించుటకు ముందు పైపనులన్నియు జరిగినవా యని విచారించుట పంచాయతీ బాధ్యత. ఆ బండి నడుపువాడును, దాని వెనుక నడచువారును మన గ్రామస్థులే కదా!