గృహఋణము - నమ్మదగిన మధ్యవర్తి

స్వంత ఇల్లు కోరని కుటుంబము లేదు. అప్పు లేక ఇల్లు కట్టగలిగినవారు మాత్రము కొద్దిమందియే. ఆదోని, కదిరి, రాయచోటి వంటి పట్టణములలో ఋణము కోరువారు తరచుగా మొదట ఆశ్రయించునది మధ్యవర్తినే. ఉర్దూలో ఇతనిని దలాల్ అందురు. ఈ అరబ్బీ పదమునకు మూలార్థము దారి చూపువాడని. తెలుగులో ‘దళారి’ అనునది నిందావాచకమైనది. దారి చూపువానిని, దారి తప్పించువానిని వేరుపరచి తెలిసికొనుట ఎట్లో ఈ వ్యాసమున విచారింతము.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, 58వ సెక్షనులో, తాకట్టు ఆరు విధములని చెప్పుచున్నది. గృహఋణములకు బ్యాంకులు ఎక్కువగా కోరునది హక్కు పత్రములను ఉంచుకొను తాకట్టు. ఇందు ఇల్లు యజమానిదే. అప్పు తీర్చి పత్రములను విడిపించుకొను హక్కు 60వ సెక్షను వలన అతనికి కలదు. అయితే కొందరు మధ్యవర్తులు, ప్రైవేటు అప్పు ఇప్పించునపుడు, తాకట్టుకు బదులు క్రయదస్తావేజు వ్రాయించి, “బాకీ తీరగానే తిరిగి వ్రాసి ఇత్తురు” అని నోటిమాట చెప్పుదురు. ఇదియే మిక్కిలి ప్రమాదకరము. అట్టి షరతు అదే దస్తావేజులో లేనిచో దానిని తాకట్టుగా పరిగణింపరాదని 1929 నాటి సవరణ నిర్దేశించినది. నోటిమాటను న్యాయస్థానమున నిరూపించుట బహు కష్టము. ఇల్లు పోయినదని కుటుంబమునకు తెలియుసరికి కాలము మించిపోవును.

ఇక ప్రతిఫలము మాట. బ్యాంకు నియమించిన ఏజెంటుకు కమీషను బ్యాంకే ఇచ్చును. అతడు మననుండి కూడ సొమ్ము కోరినచో ఎందుకని అడుగవలెను. ఎక్కువ కమీషను ఇచ్చు సంస్థవైపు అతడు మొగ్గవచ్చును. 10 లక్షల రూపాయల ఋణమును 9 శాతము వడ్డీపై 20 సంవత్సరములలో తీర్చినచో నెలకు సుమారు 8,997 రూపాయలు చెల్లింపవలెను. వడ్డీ 9.5 శాతమైనచో అది 9,321 రూపాయలగును. నెలకు 324 రూపాయలు స్వల్పముగా తోచును. 240 నెలలకు అది 77 వేలు దాటును.

కావున మధ్యవర్తిని ఈ విధముగా పరీక్షింపవలెనని మా సూచన:

1. అతడు చెప్పిన బ్యాంకు శాఖకు స్వయముగా పోయి, అతడు వారి ఏజెంటగునో కాదో విచారింపవలెను.

2. కనీసము రెండు, మూడు సంస్థల వడ్డీలను పోల్చి చూపుమని అడుగవలెను. ఒక్క పేరే చెప్పువానిని సందేహింపవలెను.

3. తన ప్రతిఫలమును కాగితముపై వ్రాసి, రసీదు ఇచ్చునో లేదో చూడవలెను.

4. ఖాళీ కాగితముపైగాని, ఖాళీ చెక్కుపైగాని సంతకము కోరువానిని విడిచిపెట్టవలెను.

5. అసలు దస్తావేజులను అతని చేతికీయక, బ్యాంకులోనే అప్పగించి రసీదు పొందవలెను.

6. ఇంతకు ముందు అతని ద్వారా ఋణము పొంది, తీర్చి, పత్రములు తిరిగి తెచ్చుకొన్నవారిని కలిసి మాట్లాడవలెను. చిన్న పట్టణమున ఇది సులభము.

రిజర్వు బ్యాంకు నియమములును మనకు అండగా నున్నవి. 2024 అక్టోబరు 1 నుండి మంజూరగు గృహఋణములకు, ఖర్చులన్నియు కలిపిన వార్షిక శాతముతో కూడిన ముఖ్య వివరముల పత్రమును, ఋణగ్రహీతకు తెలిసిన భాషలో ఇయ్యవలెను. అప్పు పూర్తిగా తీరిన 30 దినములలో అసలు పత్రములు తిరిగి ఈయవలెను. సంస్థ తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల పరిహారము చెల్లింపవలెను. ఈ నియమము 2023 డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది.

విద్యార్థులారా! మన ఇండ్లలో ఉర్దూ మాత్రమే చదువగల పెద్దలు పెక్కుమంది కలరు. వారు సంతకము చేయు దస్తావేజు తెలుగులోనో ఆంగ్లములోనో ఉండును. దానిని చదివి, ‘తాకట్టు’ అని ఉన్నదో ‘క్రయము’ అని ఉన్నదో వారికి విప్పిచెప్పుట మీ బాధ్యత. రెండు భాషలు నేర్చిన మీరు ఆ పని చేయగలరు. సంతకమునకు ముందే చేయవలెను.