విస్ట్‌మన్స్ వుడ్: బండల నడుమ ఓక్ వనం

ఇంగ్లండు నైరుతి భాగంలోని డెవన్ ప్రాంతంలో డార్ట్‌మూర్ అనే విశాలమైన పీఠభూమి ఉంది. గాలికీ, వానకూ నిలయమైన ఆ గ్రానైటు నేలపై చెట్లు అరుదు. అటువంటి చోట, వెస్ట్ డార్ట్ నది లోయలో ఒక ప్రాచీన ఓక్ వనం నిలిచి ఉంది. దాని పేరు విస్ట్‌మన్స్ వుడ్.

టూ బ్రిడ్జెస్ అనే చిన్న ఊరి నుండి ఉత్తర దిశగా సుమారు 2 కిలోమీటర్లు నడిస్తే ఆ వనాన్ని చేరుకోవచ్చు. పచ్చిక మీదుగా సాగే ఆ కాలిబాట పెద్దగా శ్రమ పెట్టదు. వాన కురిసిన రోజున మాత్రం బురదను, జారుడు రాళ్లను చూసుకొని అడుగు వేయాలి.

సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చెట్లు ఆకాశాన్ని అంటవు. చలిగాలుల తాకిడికి కురచబారి, మెలికలు తిరిగి, వంగిన వృద్ధులవలె కనిపిస్తాయి. కొమ్మలను, బండలను నాచు, లైకెన్లు, ఫెర్న్ మొక్కలు పచ్చని దుప్పటివలె కప్పి ఉంటాయి. రాత్రివేళ ఇక్కడ వేటకుక్కల రూపంలో భూతాలు సంచరిస్తాయని స్థానికులు పూర్వం కథలు చెప్పుకొనేవారు.

చుట్టుపక్కల లేని చెట్లు ఇక్కడ మాత్రమే ఎలా మిగిలాయి? బండల సందులలో పడిన ఓక్ గింజలు మొలకెత్తినప్పుడు, ఆ లేత మొలకలు మేతకు వచ్చిన గొర్రెలకు, పశువులకు అందలేదు. రాళ్లే వాటికి కంచె అయ్యాయి.

1866లో ఇక్కడ ఒక చెట్టును నరికి పరిశీలించారు. దాని అడ్డుకొలత 9 అంగుళాలే. వయస్సు మాత్రం 168 సంవత్సరాలుగా తోచింది. ఈ విషయాన్ని సమీపంలోని ఒక బండపై చెక్కించారు. జానెడు మందమైన మాను ఎదగడానికి ఇన్ని తరాల కాలం పట్టింది. అది నేలకూలడానికి ఒక్క రోజు చాలింది.

1964లో ఈ వనాన్ని విశేష శాస్త్రీయ ప్రాధాన్యం గల స్థలంగా గుర్తించారు. నేడు ఇది జాతీయ ప్రకృతి రక్షితస్థలం. గొడ్డలి భయం తొలగినా పాదాల భయం మిగిలింది. వనశోభకు ముగ్ధులై వచ్చినవారే బండలెక్కి నాచును తొక్కుతున్నారు. కొమ్మలపై బరువు మోపుతున్నారు. అందువల్ల లోనికి ప్రవేశించక అంచు వెంట నడిచి చూడవలసిందిగా సంరక్షకులు సందర్శకులను కోరుతున్నారు. 2040 నాటికి వనవిస్తీర్ణాన్ని రెట్టింపు చేయాలన్న సంకల్పాన్ని, ఈ భూమికి యజమాని అయిన డచీ ఆఫ్ కార్న్‌వాల్ సంస్థ 2023లో ప్రకటించింది.

చెట్టును నరకకుండుట ఒక్కటే వనరక్షణ కాదు. మన ఆనందం కోసం వేసే అడుగును అవసరమైన చోట ఆపుకొనడం కూడా వనరక్షణే.