ల్యాప్‌టాప్ బ్యాటరీ: పరీక్ష, మార్పు, సంరక్షణ

చదువు కోసం పిల్లలకు మనం ఇచ్చే ల్యాప్‌టాప్‌లు తరచూ ఒకరు వాడినవే. ఛార్జింగ్ నిలవకపోతే యంత్రమే పాడైందనుకుని మూలన పెడతాం. చాలాసార్లు లోపం బ్యాటరీదే. ముందు లెక్క చూద్దాం.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లీషులో టైపు చేస్తే నివేదిక తయారవుతుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ 40,000, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ 18,000 ఉందనుకుందాం. అంటే మిగిలిన సామర్థ్యం 45 శాతం. సగానికి తగ్గితే మార్చడం మేలు.

కొత్తది కొనేటప్పుడు పార్ట్ నంబరు, వోల్టేజీ పాతదానితో సరిపోల్చాలి. లోపల బిగించిన బ్యాటరీ అయితే మెకానిక్‌తోనే మార్పిద్దాం.

లిథియం అయాన్ బ్యాటరీకి వేడి శత్రువు. విశాఖ ఉక్కపోతలో పరుపు మీద పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. బల్ల మీదే ఉంచాలి. ఛార్జింగ్ 20–80 శాతం మధ్య ఉంచితే బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది.

బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేస్తే వాడకం వెంటనే ఆపాలి. గుచ్చినా, నొక్కినా మంటలు రావచ్చు. చెత్తబుట్టలో వేయరాదు. వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తయారీదారులపై పెట్టాయి. కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగి అప్పగిద్దాం.

ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు ఈ లెక్క చూసి, అవసరమైతే బ్యాటరీ మార్చి ఇద్దాం. కరెంటు పోయిన రాత్రి కూడా ఆ బిడ్డ చదువు ఆగదు.