ఇంటి కంప్యూటరుకు కాపలా: ఆంటీవైరస్‌ను ఎన్నుకొనుట ఎట్లు?

పల్లెలలో కంప్యూటరు నేడు వింత వస్తువు కాదు. ఉపాధ్యాయుని ఇంటను, కళాశాల విద్యార్థి ఇంటను, ఎరువుల దుకాణదారుని ఇంటను అది చోటు సంపాదించుకొన్నది. పట్టాదారు పాసుపుస్తకపు నకలు, పిల్లల మార్కుల పత్రములు, పెండ్లి ఛాయాచిత్రములు, బాకీల లెక్కలు దానియందే దాచుకొనుచున్నాము. బ్యాంకు వ్యవహారములు సైతము దాని మీదనే జరుపుచున్నాము. ఇనుప పెట్టెకు తాళము వేయుటలో చూపు శ్రద్ధను ఈ పెట్టె విషయమునను చూపవలసియున్నది. "ఏ ఆంటీవైరస్ కొనవలెను?" అని పలువురు అడుగుచుందురు. అసలు కొనవలసిన అవసరము ఎవరికి కలదు, కొనువారు ఏమేమి చూచుకొనవలెను అను విషయములను ఈ పాఠమున వివరించుచున్నాము.

వైరస్ అనగా నేమి?

కంప్యూటరు వైరస్ రోగక్రిమి కాదు. అది హాని తలపెట్టి మనుష్యులు వ్రాసిన ప్రోగ్రాము. ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ప్రాకును గనుక ఆ పేరు వచ్చినది. 1986లో లాహోరు నగరమున పుట్టిన 'బ్రెయిన్' అను వైరస్ ఫ్లాపీ డిస్కుల ద్వారా దేశదేశములకు వ్యాపించినది. నేడు పెన్‌డ్రైవులు, ఈమెయిలు జాబులకు తగిలించిన ఫైళ్లు, ఉచితముగా దొరకు దొంగ సాఫ్ట్‌వేరు దీనికి వాహనములు. జిరాక్సు దుకాణములో నకలు తీయించుటకు ఇచ్చిన పెన్‌డ్రైవు, కాగితముతో పాటు వైరస్‌ను కూడ ఇంటికి తేవచ్చును.

వీనిలో మిక్కిలి క్రూరమైనది 'రాన్సమ్‌వేర్'. ఇది మన ఫైళ్లకు తాను తాళము వేసి, తాళపుచెవికి సొమ్ము అడుగును. 2017 మే 12వ తేదీన బయల్పడిన 'వాన్నాక్రై' ఇట్టిదే. అది కొలది దినములలో సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడ దాని వాత బడినవి. అది దూరిన కంతను పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరము మార్చిలోనే విడుదల చేసియుండెను. ఆ అప్‌డేటును వేసికొన్న యంత్రములకు ఆ కంత గుండా ముప్పు రాలేదు. ఈ ఒక్క సంగతి మనకు గొప్ప పాఠము.

ఆంటీవైరస్ పనిచేయు విధము

గ్రామపు తలారి దొంగలను రెండు విధముల పసిగట్టును. పాత దొంగల ముఖములు అతనికి తెలియును. క్రొత్తవాడు అర్ధరాత్రి తాళము కదపుచున్నచో, ముఖము తెలియకున్నను అనుమానించును. ఆంటీవైరస్ కూడ అట్లే చేయును. తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టికతో ప్రతి ఫైలును సరిచూచును. తెలియని ప్రోగ్రాముల నడవడిని కనిపెట్టుచుండును. క్రొత్త వైరస్‌లు నిత్యము పుట్టుచున్నందున పట్టిక కూడ నిత్యము మారవలెను. గడువు తీరి, అప్‌డేటు ఆగిపోయిన ఆంటీవైరస్, చూపు మందగించిన తలారి వంటిది. అది ఉన్నదను ధైర్యమే చేటు తెచ్చును.

ఇంట ఉన్న కాపలాదారు

విండోస్ 10, 11 కంప్యూటర్లలో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్' అను ఆంటీవైరస్ ముందే అమర్చబడియున్నది. దానికి వేరుగా వెల లేదు. కంప్యూటరులో 'విండోస్ సెక్యూరిటీ' అను పుటను తెరచినచో అది మేల్కొని యున్నదో లేదో తెలియును. అప్‌డేట్లు క్రమముగా వేసికొనుచు, జాగ్రత్తగా మెలగు సామాన్య కుటుంబమునకు ఇది చాలునని మా అభిప్రాయము.

అయితే ఒక హెచ్చరిక. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత విండోస్ మీద ఎంత ఖరీదైన ఆంటీవైరస్ పెట్టినను, గోడకు కన్నము ఉండగా తలుపుకు గడియ వేసినట్లే యగును. యంత్రము తాళగలిగినచో విండోస్ 11కు మారుట ప్రథమ కర్తవ్యము.

కొనదలచినచో చూడవలసినవి

ఇంట పలు కంప్యూటర్లు, ఫోనులు ఉన్నవారు, పిల్లలు చూచువానిపై అదుపు కోరువారు, చిక్కు వచ్చినపుడు ఫోనులో సలహా చెప్పువారు కావలెననువారు వేరొక ఆంటీవైరస్ కొనవచ్చును. అట్టివారు ఈ క్రింది విషయములు విచారింపవలెను.

1. పరీక్షా ఫలితములు: ప్రకటనలను బట్టి నిర్ణయింపరాదు. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరమున 'ఏవీ-టెస్ట్', ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున 'ఏవీ-కంపారటివ్స్' అను సంస్థలు ఆంటీవైరస్‌లను పరీక్షించి ఫలితములను ప్రకటించుచున్నవి. ఏవీ-టెస్ట్ వారు రక్షణకు 6, యంత్రపు వేగము తగ్గింపకుండుటకు 6, మంచి ఫైళ్లను వైరస్‌లని పొరబడకుండుటకు 6, మొత్తము 18 మార్కులు వేయుదురు. ఒక్క పరీక్షలోని మొదటి స్థానము కంటె, వరుస పరీక్షలలో నిలుకడగా వచ్చిన మంచి మార్కులు విలువైనవి.

2. యంత్రముపై బరువు: పాత కంప్యూటరులో బరువైన ప్రోగ్రాము పెట్టినచో అది నత్తనడక నడచును. విసుగు చెందిన ఇంటివారు దానిని ఆపివేయుదురు. కావున సొమ్ము చెల్లించుటకు ముందే, ఉచిత పరీక్షా గడువులో వాడి చూడవలెను.

3. రెండవ యేటి వెల: మొదటి యేట తగ్గింపు ధర చూపి, మరుసటి యేట హెచ్చు ధర వసూలు చేయు పద్ధతి కలదు. లైసెన్సు ఎన్ని యంత్రములకు, ఎన్ని సంవత్సరములకు వర్తించునో, గడువు తీరగానే బ్యాంకు ఖాతా నుండి సొమ్ము తనంతట తానే పోవునో ముందే అడిగి తెలిసికొనవలెను.

4. మన రహస్యములు: ఆంటీవైరస్ మన ఫైళ్లన్నిటిని చూడగలదు. తన ప్రోగ్రాము వాడువారు ఇంటర్నెట్‌లో ఏమేమి చూచిరో ఆ సమాచారమును అవాస్ట్ అను సంస్థ అమ్మినదని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగము మోపెను. 2024లో ఆ సంస్థ 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చినది. ఉచితముగా ఇచ్చువాడు దేనితో బ్రదుకుచున్నాడో విచారించుట మంచిది.

5. సేవ: పూణేలోని క్విక్ హీల్, చెన్నైలోని కె7 వంటి భారతీయ సంస్థలును ఈ వ్యాపారమున కలవు. స్వదేశీ యైనను, విదేశీ యైనను పైన చెప్పిన కొలబద్దతోనే కొలువవలెను.

6. కొను చోటు: సంస్థవారి సొంత వెబ్‌సైటులో గాని, నమ్మకమైన దుకాణములో గాని కొనవలెను. 'క్రాక్' చేసిన ఆంటీవైరస్‌ను ఎన్నడును పెట్టరాదు. అది దొంగ చేతికే తాళపుచెవి ఇచ్చుట.

ఒక యంత్రమునకు ఒక్క ఆంటీవైరసే ఉండవలెను. రెండు పెట్టినచో ఒకదానినొకటి అనుమానించుకొని, పని మందగించును. గడువు తీరినదానిని పొడిగింపదలచనిచో, దానిని తీసివేసి, డిఫెండర్ తిరిగి మేల్కొన్నదో లేదో చూడవలెను. యంత్రములో వైరస్ ఉన్నదను అనుమానము కలిగినచో, కేంద్ర ప్రభుత్వము 2017లో నెలకొల్పిన 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' వెబ్‌సైటులో ఉచిత సాధనములు లభించును.

ఆంటీవైరస్ చేయలేని పని

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. మనమే పిలిచి లోనికి రానిచ్చిన మోసగానిని ఏ ఆంటీవైరస్‌యు ఆపజాలదు. "మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు" అని తెరపై కనబడు హెచ్చరికలు తరచు వంచనలే. ఆ నంబరుకు ఫోను చేయరాదు. అవతలివారు చెప్పిన ప్రోగ్రామును వేసికొనరాదు. ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నిలిపివేయు అవకాశము అంత హెచ్చు.

చివరిగా, ముఖ్యమైన ఫైళ్లకు రెండవ ప్రతిని వేరొక హార్డ్‌డిస్కులో తీసి, పని కాగానే దానిని కంప్యూటరు నుండి విడదీసి బీరువాలో ఉంచవలెను. తగిలించియుంచిన డిస్కుకు కూడ రాన్సమ్‌వేర్ తాళము వేయగలదు. రెండవ ప్రతి ఉన్న ఇంటివారు ఫైళ్లకొరకు దొంగకు సొమ్ము చెల్లింపవలసిన అగత్యము ఉండదు.

ఈ ఆదివారము ఒక గంట సమయము ఇందుకు కేటాయింపుడు. విండోస్ అప్‌డేటు చూడుడు. ఆంటీవైరస్ మేల్కొని యున్నదో చూడుడు. రెండవ ప్రతి తీయుడు. ఇంట చదువుకొన్న పిల్లలున్నచో ఈ పని వారికి అప్పగింపుడు, ప్రక్కన కూర్చుండి మీరును నేర్చుకొనుడు. కొత్త ఆంటీవైరస్ కొనవలెనా, వద్దా అను నిర్ణయమును ఆ తరువాత తీరికగా చేయవచ్చును.