సోమరులని తొందరపడి అనకుము

చి. శారదకు,

లేదమ్మా, ఆ మాటకు నేను ఒప్పుకొనను. సర్కారు సాయము పొందినవాడు పనికి పోడని మీ తరగతిలో ఎవరో అనగా, దానిని తరచి చూడకయే సిద్ధాంతమని నాకు వ్రాసి పంపితివి. చదువుకొన్నదానవు, నీకింత తొందర తగునా? మనుష్యస్వభావమును నిందించుటకు ముందు ఆ సాయమునకు పెట్టిన షరతులను చదువవలెను.

అమెరికాలో తండ్రి అండ లేని పిల్లలున్న కుటుంబములకు భృతి యిచ్చుటకై 1935లో చట్టము చేసిరి. ఉద్దేశము ఉత్తమమే, కాని ఆ పిల్లల తల్లి పనికి పోయి సంపాదించిన దానిలో, పనికై అగు ఖర్చులు పోగా, మిగిలిన దంతయు సాధారణముగా భృతిలో కోసివేసెడివారు. పగలంతయు పరుల యింట అంట్లు తోమి వచ్చినను ఇంటి రాబడి పెరుగనప్పుడు, ఆమె పనికి పోకుండుట సోమరితనమా, లెక్క తెలిసియుండుటయా? 1967లో ఆ చట్టమును సవరించి, నెలసరి సంపాదనలో మొదటి 30 డాలర్లను, ఆపై దానిలో మూడవవంతును ఆమెకే విడిచిరి. అనగా నూరు తెచ్చుకొన్నచో 53 డాలర్లకు పైగా చేత మిగిలెడిది. 1981లో ఆ మూడవవంతును నాలుగు నెలలకే పరిమితము చేసి, మరల పాతదారినే పట్టిరి. కావున ఎంత యిచ్చిరని అడుగుటతో ఆగక, కష్టపడి తెచ్చుకొన్న దానిలో ఎంత తిరిగి లాగుకొనిరో కూడ అడుగుము. నా జీవితమంతయు ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకొని వ్రేలాడుచున్నానని మీ పెద్దమ్మ విసుగుకొనును, అయినను విడువను.

ఇంకొకటి. చంటిబిడ్డను ఎవరి యొడిలో పెట్టి తల్లి పనికి పోవలెను? 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకము కూలీలను చెడగొట్టినదని ఆసాములు ఆక్షేపింపగా నీవును విన్నదానవే. ఆ పథకమునకు మూలమైన 2005 నాటి చట్టములోని యొక చిన్న నియమమును వారెవరును నీకు చెప్పియుండరు. తల్లుల వెంట ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని పనిచోటికి వచ్చినచో, ఆ స్త్రీలలో ఒకతెను పిల్లలను చూచుకొనుటకు నియమించి, ఆమెకును కూలి యియ్యవలెనని ఆ చట్టము విధించినది. కానుగ నీడన కూర్చుండి పిల్లల నాడించు ఆ యొక్కతె వలననే తక్కిన తల్లులు నిశ్చింతగా గడ్డపార పట్టగలుగుదురు; బిడ్డలను సాకుటయు పనియే యని చట్టము కూలి కట్టి ఒప్పుకొన్నదమ్మా! ఆ నియమమును కాగితముపైననే ఉంచిన చోట, తల్లి ఇంటనే నిలిచిపోయినచో తప్పు ఎవరిది?

వృద్ధుల పింఛను సంగతియు అడిగితివి. ఒడలు అలసినవారిని పనికేల పోరని ప్రశ్నించుటయే అన్యాయము. అంతకు మించి చెప్పను.

సెలవులలో ఊరికి వచ్చినప్పుడు కూలి తల్లులను కలిసికొని, బిడ్డలను ఎవరు చూచుకొనుచున్నారో అడిగి తెలిసికొని, పిమ్మట నీ సిద్ధాంతమును నాకు మరల వ్రాయుము.

నీ పెదనాన్న